కస్టర్డు బండి, సూటి రోడ్డు

జూన్ 2, సోమవారం

ఈ పెన్ను బాగాలేదు. అక్షరం రాస్తే గీత జారిపోతోంది. నాలాంటి పుర్రచేతి వాటం వాళ్ళకి సరిపోయే పెన్ను ఇంకా ఎవరూ తయారు చేసినట్టు లేరు. రేపు బేకరీలో పని ముగించుకుని వస్తూ వేరేది కొనాలి.

సాయంత్రం అల్లుడికీ నాకూ పెద్ద వాదన. పక్కింటివాళ్ళు వింటే ఆస్తి పంపకాలనుకుని ఉంటారు. సంగతేమిటంటే, రేసింగ్ ఆటలో బండికి ట్యూనింగ్ చేశాక అది కుదిరిందో లేదో ఏ ట్రాక్ మీద నడిపి చూడాలి అని. నేను ఇన్నాళ్ళూ ఏ ట్రాక్ కనబడితే దాని మీద తిప్పేదాన్ని. ఒక రోజు అడవి, ఒక రోజు మంచు, ఒక రోజు ఊరి మధ్య వీధులు. అది విని అల్లుడు తల పట్టుకున్నాడు.

"అలా కాదత్తయ్యా. టైర్లలో గాలి మార్చారు, ట్రాకూ మార్చారు. ఇప్పుడు బండి బాగా పోతోందంటే అది గాలి గొప్పా, ట్రాక్ గొప్పా? ఎలా తెలుస్తుంది? ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మా షాపులో మొదటి రోజు నేర్పేది అదే."

వాళ్ళ షాపంటే కార్ల చక్రాలు సరిచేసే షాపు. వీల్ అలైన్‌మెంట్. బండి ఏ పక్కకి లాగుతోందో చూసి చక్రాలని దారికి తేవడం అతని పని. మామూలుగా నోట్లోంచి మాట రావాలంటే బతిమాలుకోవాలి. చక్రాల ప్రసక్తి వస్తే మాత్రం ఆపడానికి బతిమాలుకోవాలి.

"పరీక్షకి ఒక్క ట్రాకే పెట్టుకోండి. కళ్ళు మూసుకున్నా ఏ మలుపు ఎక్కడుందో తెలిసిపోవాలి. ట్రాక్ మారదు, మీరు మారరు, మారేది బండి ఒక్కటే. అప్పుడు తేడా ఎక్కడుందో దొరికిపోతుంది."

చాలాసేపు అన్నీ తిప్పి చూసి రేవు ట్రాక్ ఎంచుకున్నాను. సముద్రపు గోడ వెంట పొడుగాటి సూటి రోడ్డు, చివర క్రేను దగ్గర గట్టి మలుపు, కాసేపు రాళ్ళు పరిచిన దారి, గడియారం స్తంభం చుట్టూ ఒక తిరుగుడు, మళ్ళీ సూటి రోడ్డు. అంతే. అల్లుడు ఎందుకు ఇదే అని అడిగితే మా బేకరీ లెక్క చెప్పాను. కొత్త పిండి బస్తా వస్తే నేను ముందు ఉత్త స్పాంజి కేకు చేస్తాను. క్రీము లేదు, పండ్ల ముక్కలు లేవు. పిండిలో లోపం ఉంటే దాక్కోవడానికి చోటు దొరకదు.

అల్లుడికి ఆ మాట భలే నచ్చింది. "అవునత్తయ్యా. మలుపులో ప్రతి బండీ బాగున్నట్టే ఉంటుంది. సూటి రోడ్డు మీదే దాని బుద్ధి బయటపడేది" అన్నాడు.

నా బండి పేరు కస్టర్డు. రంగు అదే మరి. రేవు ట్రాక్‌లో సూటి రోడ్డు మీద కొంచెం ఊగుతోంది. స్ప్రింగులు మరీ గట్టిగా పెట్టినట్టున్నాను. రేపు తగ్గించి చూస్తాను.

జూన్ 3

కొత్త పెన్ను. పర్వాలేదు.

జూన్ 5, గురువారం

అమ్మాయికి రైలు టికెట్ల కౌంటర్లో సాయంత్రం షిఫ్టు. అది వచ్చేదాకా ఇంట్లో ఉండేది అల్లుడూ నేనూ. పెళ్ళయిన కొత్తలో ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు బిగుసుకుంటుంది. ఆయన పోయాక నాకు మగమనిషితో కబుర్లు చెప్పే అలవాటే పోయింది. "మీరు భోజనం చేశారా?" అని నేను. "చేశానండీ. మీరు?" అని అతను. "నేనూ చేశాను." ఆ తర్వాత ఇద్దరం ఫ్యాను చప్పుడు వింటూ కూర్చునేవాళ్ళం.

ఒక రోజు అతను ఆడుతుంటే వెనకనుంచి చూస్తున్నాను. బండి నేరుగా గోడ మీదకి పోతోంది. ఉండబట్టలేక "బ్రేకు వెయ్యవేం?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అల్లుణ్ణి పట్టుకుని వెయ్యవేం అనడమేమిటి. అతను ఇటు తిరగనైనా తిరగకుండా "వేశానత్తయ్యా, పడట్లేదు" అన్నాడు. అంతవరకూ 'అండీ'తో సరిపెట్టిన మనిషి ఆ రోజు మొదటిసారి అత్తయ్యా అన్నాడు. మర్నాడు నాకోసం రెండో కంట్రోలరు కొనుక్కొచ్చాడు. అప్పటినుంచీ అతను నాకు 'నువ్వే'.

"నాకు పెళ్ళి చేశానని చెప్పి నువ్వు స్నేహితుణ్ణి తెచ్చుకున్నావు" అంటుంది అమ్మాయి. అననీ.

జూన్ 9, సోమవారం

పుట్టినరోజు కేకు మీద పేరు రాస్తుంటే చివరి అక్షరం కొస వంకర పోయింది. గీకేసి మళ్ళీ రాసే టైము లేదు. ఆ కొసనే సాగదీసి తీగ చేసి రెండు ఆకులు పెట్టాను. కేకు తీసుకెళ్ళినావిడ "ఎంత ముద్దుగా ఉందో" అని మురిసిపోయింది. ఆ తర్వాత వచ్చిన కేకులన్నిటికీ తీగలే పెట్టాను. తీగలు బాగుంటాయి. ముందే ఎందుకు తోచలేదో.

క్రీము మరీ గట్టిగా కలుపుతున్నారు. కోను నొక్కీ నొక్కీ చెయ్యి అదురుతోంది. కొంచెం పల్చగా కలపమనాలి.

జూన్ 12

స్ప్రింగులు తగ్గించాను. ఊగుతోంది. టైర్లలో గాలి తగ్గించాను. ఊగుతోంది. వెనక రెక్క ఎత్తాను. ఊగుతోంది. కస్టర్డుకి నా మీద ఏదో కోపం ఉంది.

జూన్ 15, ఆదివారం

పరీక్ష ట్రాక్ మార్చేశాను. ఇకమీదట కొండ ట్రాక్.

అల్లుడు అర్థం కానట్టు చూశాడు. "అందులో ఒక్క సూటి రోడ్డు కూడా లేదు కదత్తయ్యా. అన్నీ మలుపులే."

"రోడ్డన్నాక మలుపులుండాలి. సూటిగా పోవడానికి నేనెందుకు, యాక్సిలేటరుకి రాయి కడితే అదే పోతుంది."

"మరి స్పాంజి కేకు అన్నారు?"

"స్పాంజి కేకు ఎవరు తింటారు నాయనా రోజూ?"

కొండ మీద కస్టర్డు ఎంత బుద్ధిగా పోయిందో చెప్పలేను. మలుపులో కంట్రోలరు మీద బొటనవేలి కిందుండే బొడిపెని ఆ చివరిదాకా నొక్కి పట్టుకుంటాను, బండి తిరుగుతుంది. మళ్ళీ ఈ చివరిదాకా. ఎక్కడా ఊగలేదు. కాబట్టి లోపం రేవు ట్రాక్‌దే. సముద్రపు గాలి కూడా పెట్టి ఉంటారు ఆటలో. ఈ రోజుల్లో అన్నీ పెడుతున్నారు.

జూన్ 16

ఈ పెన్నూ బాగాలేదు.

జూన్ 21, శనివారం

టీ తెస్తుంటే కప్పూ సాసరూ టకటకలాడాయి. అల్లుడు తలెత్తి చూశాడు. "ఈ రెండూ ఒక జత కావు, అందుకే" అన్నాను. ఒక జతే. నేనే కొన్నాను.

అమ్మ గుర్తొచ్చింది. అమ్మకి చేతులు వణికేవి. ఇంట్లో అందరూ ఆవిడకి గ్లాసు సగమే నింపి ఇచ్చేవారు. ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. ప్రేమగానే ఇచ్చేవారు. ఆవిడ ఆ సగం గ్లాసుని ఒక్క క్షణం చూసి, తాగేసి, గ్లాసు తిరిగి ఇచ్చేది. తర్వాత బొత్తాలు కుట్టమని అడగడం మానేశారు. తర్వాత కూరలు తరగమనడం మానేశారు. చివరికి పసిపిల్లల్ని చేతికివ్వడం కూడా మానేశారు. కుర్చీలో కూర్చుని ఉండేది అమ్మ, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో పట్టుకుని కూర్చున్నట్టు.

నాది అది కాదు. నాది పని ఎక్కువై వచ్చిన అలసట. పైగా నాకు ఒక్క చేతికే. కుడి చేతికి అంతగా లేదు.

ఈ మధ్య టీ గ్లాసులో తాగుతున్నాను. గ్లాసు చప్పుడు చెయ్యదు.

జూన్ 28, శనివారం

ఈ రోజు తేదీ చుట్టూ గుండ్రంగా గీత గీయాలి. గీశాను.

సాయంత్రం రాగానే అల్లుడు కంట్రోలరు నా చేతిలో పెట్టాడు. "అత్తయ్యా, కస్టర్డుకి టైర్లు, స్ప్రింగులు నేను కొంచెం సర్దాను. ఒక్కసారి రేవు ట్రాక్ మీద చూడండి."

"నాకు కొండే బాగుంది."

"నా కోసం ఒక్క రౌండు."

అతను ఇంతకుముందెప్పుడూ నన్ను ఏమీ అడిగినవాడు కాదు. సరే అన్నాను. సముద్రపు గోడ పక్కకి రాగానే నా ఒళ్ళు దానంతటదే బిగుసుకుంది, ఇప్పుడు ఊగుతుంది, ఇప్పుడు ఊగుతుంది అని. ఊగలేదు. స్కేలు పెట్టి గీసినట్టు పోయింది. క్రేను దాకా పోయింది. రెండో రౌండు పోయాను, మూడో రౌండు పోయాను. బండిదే లోపం. ఇన్నాళ్ళూ బండిదే. నా చేతిలో ఏమీ లేదు.

ఆనందం పట్టలేక అల్లుడి వీపు మీద ఒక్కటి చరిచాను. "నీ చేతిలో ఏదో ఉందయ్యా" అన్నాను. అతను నవ్వాడు గానీ నా వైపు చూడలేదు, కిందకి చూశాడు. మెచ్చుకుంటే సిగ్గుపడే మనిషి.

నా పరీక్ష ట్రాక్ రేవు ట్రాకే. ఎప్పుడూ అదే.

జూన్ 30, సోమవారం

పెద్ద కేకు ఆర్డరు వచ్చింది. ఒక స్కూల్లో హెడ్ టీచరు రిటైరవుతోందట. పాత విద్యార్థులు ఇస్తున్నారు. పువ్వులొద్దు, తీగలొద్దు, తెల్ల క్రీము మీద ఒకే ఒక్క వరస, సూటిగా: 'మా అందరి చేతిరాత దిద్దిన టీచరుకి.'

ఓనరమ్మ నా వైపు చూసింది. "పొడుగు వరస. చాక్లెట్ అచ్చు అక్షరాలు పెట్టేద్దామా?"

"అచ్చులెందుకమ్మా, నేను లేనా" అన్నాను.

పోయిన వారం అయితే అచ్చులే పెట్టమనేదాన్ని. ఇప్పుడు ఆ భయం లేదు.

జూలై 4, శుక్రవారం

రాయాలనిపించడం లేదు. కానీ రాయకపోతే రేపు ఇది జరగలేదని నాకు నేనే చెప్పుకుంటాను.

'మా అందరి' దాకా బాగానే వచ్చింది. ఊపిరి బిగబట్టి రాశాను. 'చేతిరాత' దగ్గర మొదలైంది. ఆ మాట దగ్గరే మొదలవ్వాలా. అక్షరాలు చలికి వణుకుతున్నట్టు వచ్చాయి. ఆపి, మోచెయ్యి బల్లకి ఆనించి, మళ్ళీ రాశాను. ఇంకా పాడైంది. తీగ పెట్టడానికి లేదు. ఆకు పెట్టడానికి లేదు. ఉత్త తెల్ల క్రీము, దాని మీద నా చెయ్యి ఎలా ఉందో అలా.

ఓనరమ్మ వచ్చి చూసింది. క్రీము పూసే పలకకత్తితో అక్షరాలన్నీ గీకేసి, పైన మళ్ళీ క్రీము పూసి, చాక్లెట్ అచ్చు అక్షరాలు తనే వరసగా పెట్టింది. చక్కగా వచ్చాయి. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "కొన్నాళ్ళు నువ్వు కౌంటర్లో కూర్చో" అంది. మెల్లగానే అంది.

నా గ్లాసు సగానికి వచ్చింది.

జూలై 5

కౌంటర్లో కూర్చున్నాను. బిల్లులు కొట్టాను. కేకులు రాసేది వేరేవాళ్ళు.

జూలై 6, ఆదివారం

రేవు ట్రాక్ మీద నిమ్మళంగా ఉన్న చెయ్యి కేకు మీద ఎందుకు వణికిందని రెండు రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. ఈ రోజు తెలిసింది.

అల్లుడు బ్రెడ్డు తేవడానికి బయటికెళ్ళాడు. నా కంట్రోలరుకి చార్జింగు లేదు. అతనిది తీసుకున్నాను. అదే కస్టర్డు, అదే ట్యూనింగు, అదే రేవు ట్రాక్. మారింది కంట్రోలరు ఒక్కటే. సూటి రోడ్డు మీదకి రాగానే బండి ఊగింది. ముందుకంటే ఎక్కువ ఊగింది.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. తేడా ఎక్కడుందో దొరికిపోతుంది.

సెట్టింగులు తెరిచి చూశాను. ఇద్దరి పేర్ల కిందా విడివిడిగా ఉన్నాయి. స్టీరింగ్ డెడ్ జోన్ అని ఒకటి ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో అదేమిటో రాసి ఉంది. బొడిపె నడిమధ్య కొంత చోటు ఖాళీగా వదిలేస్తారు. ఆ చోటులో బొడిపె ఎంత కదిలినా బండి పట్టించుకోదు. కదలనట్టే లెక్క. అతని పేరు కింద అది సున్నా. నా పేరు కింద ఆ గీత సగం దాకా జరిపి ఉంది.

సగం.

నా వణుకంతా ఆ ఖాళీలో పోసేసి, పైకి కనబడకుండా మూత పెట్టాడు. నేను వీపు చరిచి మెచ్చుకున్నాను. ఆ ధైర్యంతో వెళ్ళి కేకు ఒప్పుకున్నాను.

అతను బ్రెడ్డు ప్యాకెట్టుతో వచ్చాడు. గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. నేను టీవీ కట్టేశాను.

"మీరు భోజనం చేశారా?" అన్నాను.

ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత చాలా మెల్లగా "చేశానండీ" అన్నాడు. చెయ్యలేదని నాకు తెలుసు.

జూలై 8

మీరు కూర్చోండి. మీరు తలుపు వేసుకోండి. మీకు టీ పెట్టమంటారా. ఈ మాటలు నోట్లో ఇంత చేదుగా ఉంటాయని తెలీదు. అయినా అంటున్నాను.

జూలై 10, గురువారం

అమ్మాయి పట్టేసింది. "అమ్మా, ఆయన్ని మీరు అంటున్నావేంటి? కొత్తగా సంబంధం చూడ్డానికొచ్చినట్టు?"

"గౌరవం ఇవ్వకూడదా?"

"ఆయన ఏడుపొక్కటే తక్కువ. గౌరవం భరించలేకపోతున్నాడు."

నవ్వు రాబోయింది. ఆపుకున్నాను. టీవీ మీద దుమ్ము పేరుకుంది. తుడవలేదు.

జూలై 12, శనివారం

అమ్మాయికి ఈ రోజు సెలవు. ఇంట్లో అన్నీ ఉన్నా ఏదో కొనాలని చెప్పి బయటికి వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు గట్టిగా వేసింది, ఇద్దరూ తేల్చుకోండి అన్నట్టు.

అల్లుడు వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. "తిట్టండత్తయ్యా. కానీ మీరు మీరు అనకండి."

"పరాయివాళ్ళని తిట్టే అలవాటు నాకు లేదు."

ఆ మాట అతనికి తగిలింది. తగలాలనే అన్నాను. తగిలాక నాకేమీ బాగాలేదు. కాసేపు అతను తన అరచేతులు చూసుకున్నాడు.

"మీ చేతి సంగతి నాకు మొదట్లోనే తెలిసింది. ట్యూనింగ్ కుదరక ఊగే బండి ఒక పద్ధతిలో ఊగుతుంది. మీది అలా లేదు. రీప్లే పెట్టి చూస్తే అర్థమైంది, అది బండిది కాదని. మీరు కొండ ట్రాక్‌కి మారినప్పుడు ఇంకా తెలిసిపోయింది."

"తెలిస్తే చెప్పొచ్చుగా."

"చెబితే మీరు ఆట మానేస్తారని." అన్నాడు. "మానేస్తే మళ్ళీ మనం 'మీరు భోజనం చేశారా' దగ్గరికి వెళ్ళిపోతాం. ఆ రోజుల్లో ఈ ఇంట్లో నాకు ఎంత బెరుగ్గా ఉండేదో మీకు తెలీదు. షాపు కట్టేశాక కూడా అక్కడే తచ్చాడి తచ్చాడి వచ్చేవాణ్ణి."

నాకు తెలీదన్న మాట నిజమే. ఆలస్యంగా వస్తుంటే పని ఎక్కువనుకునేదాన్ని. అతను ఇంట్లో లేని ఆ కాసేపూ హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని కూడా. ఇద్దరం ఒకరికొకరు భయపడుతూ ఎన్ని సాయంత్రాలు పోగొట్టుకున్నామో.

"రెండు మార్చాను" అన్నాడు. "ఒక్కటే మార్చాలని మీకు చెప్పి, నేనే ట్యూనింగూ మార్చాను, కంట్రోలరూ మార్చాను. టైర్లు సర్దానని చెప్పాను, రెండోది చెప్పలేదు. మీరు బండిదే తప్పనుకున్నారు. కేకు సంగతి విన్నాక నాకు షాపులో చెయ్యి ఆడలేదు. అది నా వల్లే."

నేను అమ్మ గురించి చెప్పాను. ఇంతవరకూ అమ్మాయికి కూడా చెప్పలేదు. సగం గ్లాసు, బొత్తాలు, పసిపిల్లలు, ఒళ్ళో చేతులు. "మీరు నాకిచ్చింది అదే" అన్నాను. "ప్రేమతోనే ఇచ్చారు, నాకు తెలుసు. వాళ్ళూ ప్రేమతోనే ఇచ్చారు. అందుకే అమ్మ ఎవర్నీ ఏమీ అనలేకపోయింది."

అతను చక్రం గురించి ఆలోచించేటప్పుడు పెట్టే మొహమే పెట్టాడు.

"అమ్మమ్మగారు ఎప్పుడైనా నిండా పొయ్యమని అడిగారా?"

"లేదు. ఎప్పుడూ అడగలేదు."

"మీరు అడగండత్తయ్యా."

నాకు ఏడుపు వచ్చింది. అతని కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఇద్దరం అలా కూర్చుంటే అమ్మాయి వచ్చి ఏమనుకుంటుంది. "చాల్లే, వెళ్ళి నువ్వు ముందు మొహం కడుక్కో" అన్నాను. సగం దూరం వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు తెలిసింది నేనేమన్నానో.

జూలై 16, బుధవారం

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అమ్మాయి వస్తానంది గానీ, "ఈ బండిని నేను తీసుకెళ్తా" అన్నాడు అల్లుడు.

డాక్టరు కాగితం ఇచ్చి, మధ్యలో మొదలుపెట్టి చుట్టలు చుట్టలుగా గీత గీయమన్నాడు. గీశాను. ఎండిన ఆకు అంచులా వచ్చింది. "క్రీముతో అయితే దీనికంటే బాగా వేస్తాను" అన్నాను. ఒక గ్లాసులో నీళ్ళు ఇంకో గ్లాసులోకి వంచమన్నాడు. వంచాను. బల్ల మీద కొన్ని పడ్డాయి. అమ్మ గురించి అడిగాడు. ఆవిడ తరఫు వాళ్ళ గురించి అడిగాడు. ఈసారి పెన్ను బాగాలేదనీ క్రీము గట్టిదనీ చెప్పలేదు.

కుటుంబంలో వచ్చే వణుకేనట. ప్రాణానికి వచ్చిన భయమేమీ లేదు. మాత్రలతో కొంత తగ్గొచ్చు, పూర్తిగా పోతుందని మాటివ్వలేనన్నాడు. టీ తగ్గించమన్నాడు. ఆ ఒక్కటీ నేను విననట్టు ఊరుకున్నాను.

బయటికొచ్చాక అల్లుడు స్టీరింగ్ పట్టుకుని కాసేపు బండి తియ్యలేదు. "ఏమైంది?" అన్నాను. "ఏం లేదు, నేనింకా పెద్దదేదో అనుకుని భయపడ్డాను" అన్నాడు. ఇన్ని రోజులూ ఆ భయం ఒక్కడే మోశాడన్నమాట.

జూలై 18

ఓనరమ్మతో చెప్పేశాను. "నా చెయ్యి వణుకుతోంది. మాత్రలు వేసుకుంటున్నాను. సూటి వరస ఇక నాకు రాదు, అది అచ్చులతోనే పెట్టండి. పువ్వులొస్తాయి, తీగలొస్తాయి, అంచులొస్తాయి. కౌంటర్లో మాత్రం కూర్చోబెట్టకండి."

ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. "ఇదా సంగతి. నువ్వు వేరే బేకరీకి వెళ్ళే ఆలోచనలో ఉండి పని మీద మనసు పెట్టట్లేదనుకున్నాను. కోపంతో కౌంటర్లో పడేశాను."

నేను జాలి అనుకున్నది కోపమట. ఎంత హాయిగా అనిపించిందో. రేపటినుంచి మళ్ళీ లోపలే.

సూటి వరసలు పోయినందుకు బాధగానే ఉంది. ఇన్నేళ్ళూ ఎవరి పేరైనా గీత కొట్టినట్టు రాసేదాన్ని. ఆ బాధ ఇక్కడ రాసి పెడుతున్నాను, ఇంకెక్కడా చెప్పను.

జూలై 27, ఆదివారం

ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. టీవీ దుమ్ము తుడిచాను.

ఆట మొదలుపెట్టే ముందు అల్లుడు నా సెట్టింగులు తెరిచి కంట్రోలరు నా చేతికిచ్చాడు. "మీరే పెట్టుకోండి. ఎంత కావాలంటే అంత." నేను ఆ గీతని సున్నాకి జరిపాను. పందెం వేసినప్పుడు కావాలంటే పెట్టుకుంటాను, అందులో తప్పేమీ లేదు, ఆట గెలవాలి కదా. పరీక్షకి మాత్రం సున్నాయే. స్పాంజి కేకులో క్రీము పెట్టకూడదు.

రేవు ట్రాక్. సముద్రపు గోడ. సూటి రోడ్డు. కస్టర్డు ఊగింది. మాత్రల వల్లో, దాచుకోవడం మానేసినందువల్లో గాని, ముందంత లేదు. కానీ ఊగింది. చూస్తూ నడిపాను. ఇది స్ప్రింగులది కాదు, టైర్లది కాదు, సముద్రపు గాలిది కాదు. నాది. తెలిసిన తర్వాత అదీ ఆ ట్రాక్‌లో ఒక గుంట లాంటిదే, ఎక్కడుందో చూసుకుని పోవచ్చు.

మధ్యలో అల్లుడు టీ తెచ్చాడు. వాళ్ళిద్దరికీ మామూలుగా. నా గ్లాసు మాత్రం అంచుదాకా పోసి, అడుగు తీసి అడుగేస్తూ, ఊపిరి బిగబట్టి తెచ్చాడు. తెస్తూ తెస్తూ తన వేళ్ళ మీదే ఒలకబోసుకున్నాడు. "చెయ్యి వణికేది నాకా, నీకా?" అన్నాను. రెండు చేతులతో అందుకున్నాను. నా చీర మీద కొంత పడింది. ఎవరూ గుడ్డ తీసుకుని పరుగెత్తలేదు. మిగిలింది తాగాను. అమ్మకి ఒక్కసారైనా ఇలా ఇచ్చి ఉంటే బాగుండేదని చాలాసేపు అనిపించింది.

తర్వాత పందెం. చివరి రౌండులో అల్లుడి బండి నాకంటే ముందుంది. క్రేను మలుపు దగ్గర పడుతోంది, ఇతను వేగం తగ్గించడే. గోడ కనబడుతోంది.

"ఒరేయ్, బ్రేకు తొక్కరా" అన్నాను.

అమ్మాయి గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నాకు కంట్రోలరు కింద పెట్టి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. అల్లుడు టీవీ మీదనుంచి చూపు తిప్పలేదు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"తొక్కానత్తయ్యా, పడట్లేదు" అన్నాడు.

గోడకి గుద్దాడు. నేను గెలిచాను. అమ్మాయి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

ఇదంతా పాత పెన్నుతోనే రాశాను, జూన్‌లో పక్కన పడేసిన మొదటి పెన్నుతో. అక్షరాలు వణుకుతూనే ఉన్నాయి. పెన్ను బాగానే ఉంది.